వేలిముద్ర చెల్లదు

"ఒక్క సంతకమైనా లేని పుస్తకానికి భక్తి పతకం ఎలా సిఫారసు చెయ్యమంటారు అయ్యగారూ?" అని స్కౌట్ మాస్టరు దైవసహాయం అడగడం ఆ వారంలో అది నాలుగోసారి. పాస్టరు ఏసుపాదం గారు ఒకప్పుడు అతనికి సండే స్కూల్లో పాఠాలు చెప్పినవారు. వాదనకు దిగే అలవాటు ఆయనకు అప్పుడూ లేదు. "రేపు నీతోపాటు నేనూ ఆసుపత్రికి వస్తాను" అని ఊరుకున్నారు.

దైవసహాయానికి ఒళ్లు మండింది. ఎల్లుండికల్లా ఫారాలు జిల్లా ఆఫీసుకు చేరాలి. దళంలో పదకొండుమందికి ఆఖరి సంతకం ఒక్కటే మిగిలింది. సువార్త అనే పిల్ల పుస్తకం మాత్రం తెల్లగా ఉంది. ఆ పిల్ల పతకం తానే ఆపాలి, ఆ ఏడుపూ తానే చూడాలి. తాను పెట్టిన నిబంధన ఏమంత కష్టమైంది గనక? వారానికో రోగి కోసం ప్రార్థన చెయ్యడం, ఆ రోగి చేత సంతకం పెట్టించుకోవడం. వేలిముద్ర చెల్లదన్నాడు. ఎవరి వేలో ఎవడికి తెలుసు?

ప్రతి వారం గేటు దగ్గరే హాజరు వేసుకుని వెనుదిరిగే దైవసహాయం, మర్నాడు పాస్టరుగారి వెంట మొదటిసారి ఆడవాళ్ల వార్డులోకి వచ్చాడు. పదకొండుమందీ ఒకే మంచం ముందు వరస కట్టి ఉన్నారు. మంచం మీద టైఫాయిడ్‌తో నీరసించిన పంతులమ్మ. ఏడుగురి ప్రార్థనలు అయిపోయాయి, ఎనిమిదోవాడు గొంతు సవరించుకుంటున్నాడు.

"కాస్త నిద్రపోనివ్వండి నాయనా, అందరికీ ఇప్పుడే సంతకాలు పెట్టేస్తాను" అని ఆవిడ బతిమాలుతోంది. చుట్టూ మంచాలవాళ్లు వింత చూస్తున్నారు.

దైవసహాయానికి తల కొట్టేసినట్టయింది. "అందరూ ఒక్కావిడనే పట్టుకుని చంపుతారేంట్రా? ఇంతమంది ఉంటే."

"మిగతావాళ్లకి సంతకం రాదు సార్. వేలిముద్ర చెల్లదని మీరేగా చెప్పారు" అన్నాడు ఎనిమిదోవాడు, ఎంతో వినయంగా.

వార్డు చివర, తుంటి విరిగి పడుకున్న ఒక ముసలామె పక్కన సువార్త కూర్చుని ఉంది. దైవసహాయం అటు నడిచాడు. పాస్టరుగారు నింపాదిగా వెనకే వచ్చారు.

"ఈ పిల్ల వారం వారం వచ్చి నాకోసం పార్థన చేసి పోతాది బాబూ" అంది ముసలామె. "ఏలిముద్ర ఏత్తానంటే, వద్దు మామ్మా, మా సారు ఒప్పుకోరంటాది."

దైవసహాయం గుండె కలుక్కుమంది. ఇదంతా తన నిర్వాకమే. ఇప్పుడే, ఈ క్షణమే సరిదిద్దాలి. నర్సు బల్ల మీది ఇంకు ప్యాడు పట్టుకొచ్చాడు, సువార్త చేతిలోంచి పుస్తకం లాక్కుని తెల్ల పేజీ తెరిచాడు. ముసలామె బొటనవేలు పట్టుకుని ప్యాడుకేసి అదమబోయాడు.

"ఆ ప్యాడు పక్కన పెట్టు దైవసహాయం" అన్నారు ఏసుపాదం గారు. "ముందు ఆవిడ పేరడుగు."