నూటయాభై గ్రాములు

లాలప్పకు గుట్ట మెట్లెక్కడం కష్టమై చాలా రోజులైంది. పది మెట్లకొకసారి కూర్చుంటున్నాడు.

ఆదోని దాటాక ఒక గుట్ట మీద చిన్న దర్గా ఉంది. అక్కడ నబీ షా అనే ముసలి ఫకీరు ఉంటారు. అందరూ ఆయన్ని బాబా అంటారు. లాలప్ప ఒకప్పుడు పరుపులు కుట్టేవాడు. భార్య పోయాక ఆయన దగ్గరికి వచ్చి శిష్యుడిగా ఉండిపోయాడు. పదకొండేళ్ళుగా దర్గా వంట, వడ్డన అతనివే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బరువు చూసింది. నూటనాలుగు కిలోలు. చక్కెర జబ్బు కూడా మొదలైందని చెప్పింది.

"ఈ బరువంతా మోకాళ్ళే కదా మోయాల. తిండి తగ్గించకపోతే ఇంకో రెండేళ్ళకు ఆ గుట్టెక్కలేవు" అంది. మధ్యాహ్నం నూటయాభై గ్రాముల అన్నం, ఒక గరిటె పప్పు, కూర కావలసినంత, రాత్రికి ఒక జొన్నరొట్టె అని కాగితం మీద రాసిచ్చింది.

లాలప్ప చిన్న బ్యాటరీ కాటా కొనుక్కున్నాడు. రోజూ అందరి భోజనాలూ అయ్యాక వంటగదిలో కాటా మీద గిన్నె పెట్టి అన్నం తూచేవాడు. నూటయాభై రెండు వస్తే రెండు మెతుకులు తీసేసేవాడు. నిలబడే నాలుగు ముద్దలు మింగి గిన్నె కడిగేసేవాడు.

మొదటి రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాడు. ఆ తర్వాత ఏమైందో అతనికే తెలియదు. ఏ ఐదారు రోజులకో ఒకసారి, అంట్లు తోముతూ తోముతూ, మిగిలిన అన్నం గిన్నెలోనే చెయ్యి పెట్టేవాడు. గిన్నె ఖాళీ అయ్యాకే తల ఎత్తేవాడు. మర్నాడంతా పస్తు. ఆ మర్నాడు మళ్ళీ కాటా. ఐదో నెలలో ఆస్పత్రికి వెళ్తే నూటఐదు చూపించింది. డాక్టరమ్మ కాగితం మీద అంకె వేసి ఇచ్చేసింది.

ఆ రోజు ఇరవైసార్లు కూర్చుని గుట్టెక్కాడు. నేరుగా బాబా దగ్గరికి వెళ్ళి గోడకు ఆనుకున్నాడు.

"బాబా, నాకు అలుపొచ్చేసింది" అన్నాడు.

"ఎక్కి వచ్చినావు కదా, వస్తాది."

"మెట్ల మాట కాదు బాబా. పొద్దున లేస్తానే తిండి గురించే లెక్క. తింటే ఒక బాధ, తినకుంటే ఒక బాధ. డాక్టరమ్మ చెప్పిన కొలత నిలవడంలే. మీరే ఒక కొలత చెప్పండి. మీ మాట కాబట్టి దాటను."

బాబా కాసేపు అతని కాళ్ళ వైపు చూశారు. పాదాలు వాచి ఉన్నాయి.

"తిన్యావా?" అని అడిగారు.

"లేదు."

బాబా చెయ్యి ఊతం పెట్టుకుని లేచారు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. లాలప్ప కూడా లేవబోతే, కూర్చోమని చేత్తో చెప్పి వంటగదిలోకి వెళ్ళారు. లోపల గిన్నెల చప్పుడైంది. కాటా మీట నొక్కిన కీచు శబ్దం వినిపించింది. లాలప్పకు సిగ్గేసింది. బాబా ఆ కాటాను తెచ్చి బయటికి విసిరేస్తారనుకున్నాడు. విసిరేస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

బాబా చాప తెచ్చి పరిచారు. చెంబుతో నీళ్ళు తెచ్చి లాలప్ప చేతుల మీద పోశారు. లాలప్ప వద్దంటున్నా వినలేదు. తర్వాత కంచం తెచ్చి ముందు పెట్టారు. అన్నం, పప్పు, కంచంలో సగానికి పైగా గోరుచిక్కుడు కూర. పక్కన మంచినీళ్ళ గ్లాసు.

"సరిగ్గా నూటయాభై. రెండు సార్లు చూసినా" అన్నారు. "తిను నాయనా."

ఆయన ఎదురుగా కూర్చున్నారు. విసనకర్ర తీసుకుని మెల్లగా విసరసాగారు.

లాలప్ప మొదటి ముద్ద కలిపాడు. ఎప్పటిలా గబుక్కున మింగబోయాడు. ఎదురుగా పెద్దాయన ఉన్నారు. నమిలాడు. కూరలో ఉప్పు కాస్త తక్కువైంది. పొద్దున వండింది తనే, ఇప్పటిదాకా ఆ సంగతి తెలియలేదు.

"ఉప్పు వెయ్యనా?" అన్నారు బాబా, అతని మొహం చూసి.

లాలప్ప తల అడ్డంగా ఊపాడు. కాసేపు తినలేకపోయాడు. బాబా తొందర పెట్టలేదు. విసురుతూనే ఉన్నారు.

తినడం అయ్యేసరికి చాలాసేపు పట్టింది. ఆకలి పూర్తిగా పోయిందని కాదు. కానీ లేచి వంటగదిలోకి వెళ్ళాలనిపించలేదు.

"చాలిందా?"

"చాలింది బాబా." లాలప్ప ఖాళీ కంచం వైపు చూశాడు. "నేను రోజూ తినేదీ ఇంతే. మరి రోజూ ఎందుకు చాలడంలే?"

బాబాకు చెయ్యి నొప్పెట్టింది కాబోలు, విసనకర్ర ఒళ్ళో పెట్టుకున్నారు.

"పదకొండేళ్ళుగా చూస్తా ఉండా లాలప్పా" అన్నారు. "ఈ గుట్టెక్కిన ప్రతి మనిషికీ కూర్చోబెట్టి అన్నం పెట్టినావు. ఒక్కనికి మాత్రం నిలబెట్టి పడేస్తా ఉండావు."

ఆ ఒక్కడెవరని లాలప్ప అడగలేదు.