ఎంగిలి కాని గుమ్మడికాయ

రాజుల కాలంలో కేశవస్వామి నైవేద్యానికి గుమ్మడికాయ ఇచ్చే మర్యాద మా వంశానిదేనని నాయనమ్మ చెప్పేది. అప్పట్లో ఆ పాదులు పెంచింది మా వంశంలోని నాంచారమ్మ.

కొత్తగా వచ్చిన ఆలయాధికారి శేషాద్రయ్య ఒకనాడు ఆమె పెరట్లో పూలమీద తేనెటీగల్ని చూసి మండిపడ్డాడు.

“పురుగులు ఎంగిలి చేసిన పాదు కాయా స్వామికి? ఈ మర్యాద ఇంకొకరికి ఇచ్చేస్తాను!”

“అంత మాట అనకండి బాబుగారూ,” అంది నాంచారమ్మ నెమ్మదిగా. “ఇంకా పూతకు రాని ఈ పాదుకు మీరే గుడ్డ కట్టించండి. కాసింది కాసినట్టు మీ చేతికే ఇస్తాను.”

ఆయన పల్చటి పంచె కప్పించి, చుట్టూ ముద్ర వేయించాడు. లోపల ఏం కాస్తోందోనని రోజూ వచ్చి వంగి చూసేవాడు గానీ, గుడ్డలోంచి ఆకులే కనిపించేవి.

పండగనాడు గుడి వంటశాలలో పొయ్యి వెలిగింది. శేషాద్రయ్య వంటవాళ్లతో నాంచారమ్మ పెరట్లోకి వచ్చి ముద్ర తీయించి గుడ్డ విప్పాడు. తీగ పచ్చగానే ఉంది గానీ, కింద వేలెడేసి పిందెలు పండిపోయి రాలి ఉన్నాయి. పక్క పాదుకేమో కుండల్లాంటి కాయలు!

“కాయేదే?”

“ఈగ పువ్వు పువ్వుకీ తిరగందే పిందె నిలవదు బాబూ. ఎంగిలి కానివి ఇవి, ఎంగిలైనవి అవి. స్వామికి ఏవి వండిస్తారు?”

శేషాద్రయ్య దూరంగా గుడి మీద లేస్తున్న పొయ్యి పొగ వైపు చూశాడు. తర్వాత వంటవాళ్లతో మెల్లగా అన్నాడు.

“ఆ పెద్దకాయ కొయ్యండి. ఈగల్ని మాత్రం తోలకండి.”