సాక్షిని పిలవని పూట

ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు పేరిందేవి గారికి లేదు. ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ పని ముగిసేసరికి అడిగినవాడి దగ్గర ప్రశ్న మిగిలేది కాదు. ఆవిడ ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేసి బయటపడ్డవాళ్ళంతా ఈ సంగతి నవ్వుకుంటూ చెబుతారు. ఇమ్మానుయేలు మాత్రం నవ్వడు.

థీసిస్ ఇవ్వబోయే ముందు ఒక ఉదయం అతను అడిగిన ప్రశ్న ఇది: "మేడమ్, మనకు కనిపించేది మనం వెతికేదేనని నమ్మడం ఎట్లా?"

కణం రెండుగా చీలబోయే ముందు తన డీఎన్ఏకు నకలు తీసుకుంటుంది. ఆ నకలు పనికి కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. చీలడం మానుకున్న కణంలో వాటికి పనిలేదు, కనుక కనబడకూడదు. పంతొమ్మిదేళ్ళ కిందట పేరిందేవి గారు, కణాల చీలిక ఆగిపోయిన ముసలి ఎలుకల కాలేయంలో అలాంటి ప్రోటీను ఒకదాన్ని చూశారు. పని లేని చోట పనివాడు ఎందుకున్నాడని ఆవిడ వేసిన ప్రశ్న ఆవిడకు పేరు తెచ్చింది. అప్పటి ఫిల్ము మీద ఆ ప్రోటీను జాడగా పడ్డ నల్లగీతల ఫొటోను పటం కట్టించి ఆవిడ గదిలో, కుర్చీ వెనక గోడకు తగిలించారు. ఇమ్మానుయేలు ఐదేళ్ళుగా చేస్తున్నదల్లా ఆ గీతను పట్టుకుని ముందుకు పోవడమే. ఎలుకకు వయసు పెరిగేకొద్దీ గీత చిక్కబడుతుందని చూపించాడు. థీసిస్ టైపు కూడా పూర్తయింది. సోమవారం సమర్పించాలి.

ఇంతలో వేరే ఊరి ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చింది. "మీరు వాడిన యాంటీబాడీతోనే మేము మనుషుల కాలేయం ముక్కలు పరీక్షించాం. మాకు గీత రాలేదు. ఎక్కడ పొరబడ్డామో దయచేసి చెప్పగలరా?" అని ఎంతో మర్యాదగా రాశారు. ఆ మర్యాదే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

పేరిందేవి గారి తండ్రి మునసబు కోర్టులో గుమాస్తాగా చేసేవారు. అందుకని ఆ ప్రయోగశాలలో కోర్టు మాటలు కొన్ని చెలామణీలో ఉండేవి. వెతికే ప్రోటీన్ని పట్టుకునే మోనోక్లోనల్ యాంటీబాడీని అక్కడ సాక్షి అనేవారు. ఒకే ఒక్క ఎలుక కణం సంతానమంతా కలిసి తయారుచేసే సరుకు అది. తనకు తెలిసిన ఒక్క మొహాన్ని తప్ప మరొకర్ని గుర్తుపట్టదని పేరు. కాకపోతే దానికి నోరు లేదు, ఎవర్ని పట్టుకుందో మన కంటికి ఆనదు. అందుకని వెనకే రెండో యాంటీబాడీని పంపుతారు. అది పోయి సాక్షిని అంటుకుని వెలుగుతుంది, ఆ వెలుగే ఫిల్ము మీద నల్లగీత అవుతుంది. "హాజర్!" అని కేకపెట్టే ఈ రెండోదాన్ని బంట్రోతు అనేవారు.

ఉత్తరం చదివి, ఇమ్మానుయేలు ప్రశ్న విని పేరిందేవి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇవాళ సాక్షిని పిలవకుండా ఒక ముక్క చేసి చూడు," అన్నారు.

"సాక్షి లేకపోతే ఏమీ రాదు గదా మేడమ్?"

"రాకపోతే మంచిదే. సోమవారం థీసిస్ ఇచ్చేద్దువుగాని."

ప్రతి ప్రయోగంలోనూ సాక్షి లేకుండా బంట్రోతును మాత్రమే పంపిన ముక్క ఒకటి, పోల్చి చూసుకోవడానికి పక్కన పెట్టాలని కొత్తగా చేరినవాళ్ళకు ఇమ్మానుయేలే పాఠం చెబుతాడు. తను మాత్రం ఈ ఐదేళ్ళలో ఒక్కసారీ పెట్టలేదు. అది మేడమ్ గారి గీత, పటం కట్టిన గీత. దేవుడి పటానికి పరీక్ష పెట్టేవాడు ఎవడు?

మూడు నెలల ఎలుక, ఏడాది ఎలుక, రెండేళ్ళ ఎలుక. మూడింటి కాలేయం సారాన్నీ జెల్లులో నడిపించి, బరువు ప్రకారం విడివడ్డ ప్రోటీన్లను పల్చటి పొర మీదికి ఎక్కించాడు. అలాంటివే రెండు ముక్కలు చేసుకుని, ఒకదాని మూల గుర్తుగా కత్తిరించాడు. ఒక ముక్కను పాలపొడి నీళ్ళలో సాక్షితో కలిపి ఉంచాడు. మూల కత్తిరించిన ముక్కకు ఉత్త పాలపొడి నీళ్ళే. రెండింటినీ కడిగి, రెండింటికీ బంట్రోతును పంపేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. డార్క్‌రూములోకి పేరిందేవి గారు కూడా వచ్చారు. ఆవిడ ఆ గదిలో అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో.

ఎర్రదీపం కింద మొదటి ఫిల్మును మందునీళ్ళ పళ్ళెంలో ఆడించాడు. మూడు గీతలు తేలాయి, ఒకదాన్ని మించి ఒకటి చిక్కగా. ఎప్పుడూ చూసేవే. రెండో ఫిల్ము వేస్తూ, ఏమీ రాకూడదు ప్రభువా అని గొణుక్కున్నాడు.

మూడు గీతలు వచ్చాయి. అదే చోట, అదే వరసలో, రెండేళ్ళ ఎలుక దగ్గర అంతే చిక్కగా.

ముక్కలు తారుమారయ్యాయేమోనని పొరను ఎత్తి చూశాడు. మూల కత్తిరించే ఉంది.

"సాక్షి లేడు గదా మేడమ్! మరి బంట్రోతు ఎవర్ని చూసి కేకపెట్టినట్టు?"

"బంట్రోతు మొహాలు చూడడు. ఇంటిపేరు చూస్తాడు," అన్నారు పేరిందేవి గారు. "ఎలుక వారు ఎవరు కనబడినా హాజరే."

అప్పుడు అర్థమైంది. సాక్షి పుట్టింది ఎలుకలో. కాలేయమూ ఎలుకదే. దానిలోని నెత్తురును కడగలేదు, ఆ నెత్తురు నిండా ఎలుక సొంత యాంటీబాడీలు, అన్నీ సాక్షి ఇంటిపేరువే. జెల్లులో విడిపోయే వాటి ముక్క బరువూ వెతికే ప్రోటీను బరువూ ఇంచుమించు ఒకటే, అందుకే గీత అదే చోట పడింది. ముసలి ఎలుకకు అవి ఎక్కువగా ఉంటాయి, కనుక గీత చిక్కబడింది. మనుషుల కాలేయంలో ఆ ఇంటిపేరు వాళ్ళు లేరు, కనుక ఉత్తరం రాసినవాళ్ళకు గీత రాలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ కూడా లేడాయె. సాక్షి అబద్ధమాడలేదు, బంట్రోతూ అబద్ధమాడలేదు. ఇమ్మానుయేలు స్టూలు మీద కూలబడి, చేతి తొడుగులు తియ్యకుండానే ఏడ్చాడు. పేరిందేవి గారు ఊరడించలేదు, వెళ్ళిపోనూ లేదు.

తరవాత ఆవిడ గదిలో కూర్చున్నాక అడిగాడు. "మీకు ముందే తెలుసా మేడమ్?"

"తెలియదు. తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను."

ఆవిడ ఉత్తరాన్ని అతని ముందుకు జరిపారు. "వాళ్ళకు జవాబు రాయి. పొరపాటు మీది కాదు, మాది అని రాయి. కింద నా పేరు ముందుండాలి."

ఆ ప్రయోగశాల నుంచి ఏ కాగితం వెళ్ళినా విద్యార్థి పేరే ముందుండేది. అది ఆవిడ పెట్టిన ఆచారమే. అతను రెండు వాక్యాలు రాశాడు. మూడోదానికి కలం సాగలేదు.

"ఐదేళ్ళు, మేడమ్," అన్నాడు.

పేరిందేవి గారు లేచి, కుర్చీ వెనక మేకు నుంచి పటం దించారు. దాని వెనక గోడ ఇంకా కొత్త సున్నంలా తెల్లగా ఉంది. పటాన్ని బల్ల మీద బోర్లించి పెట్టి, కూర్చున్నారు.

"నీకు ఐదేళ్ళే, నాయనా," అన్నారు.