సూరమ్మ పాకలో గుత్తేదారు కుండ

పూర్వం ఒక దివాణం ఏలుబడిలో పన్నెండు కల్లుపాకలు ఉండేవి. పదకొండింటిలో గుత్తేదారు భూషయ్య తోపుల కల్లు తప్ప మరొకటి దొరికేది కాదు. పన్నెండోది సూరమ్మది. ఆమె ఎవరికీ కట్టుబడలేదు. పొద్దున్నే గీతగాళ్లు తెచ్చిన కల్లు తానే రుచి చూసి, నచ్చిన కుండలే దించుకునేది.

భూషయ్యకు అది కంటగింపయింది. దివాణం దొర దగ్గరికి పోయి, "నా కల్లును మించింది ఈ సీమలో లేదు. సూరమ్మ కూడా నాదే అమ్మాలి, లేదా పాక ఎత్తెయ్యాలి" అని పట్టుబట్టాడు.

దొర సూరమ్మను పిలిపించాడు. పాక పోతే ఆమెకు వేరే బతుకు లేదు. అయినా తొణక్కుండా అంది:

"భూషయ్యగారి కల్లే గొప్పది కావచ్చు దొరా. కానీ ఆ పదకొండు పాకల్లో వేరే కల్లే లేదాయె. ఒక్కడే పరిగెత్తే పందెంలో గెలుపేముంది? నా దగ్గర నాలుగు కుండల పక్కన ఆయన కుండా పెడతాను. జనం దాన్నే అడిగితే అప్పుడు కదా గొప్పదని తేలేది! నా పాక మూసేస్తే ఆయనకు సాక్ష్యం చెప్పేదెవరు?"

దొర నవ్వాడు. "సబబుగానే ఉంది. రేపే కుండ పంపు భూషయ్యా. నేనూ వచ్చి రుచి చూస్తాను."

భూషయ్య ఇంటికి పోతూనే పనివాళ్లను కేకేశాడు. "సూరమ్మకు పంపే కుండలో మాత్రం నీళ్లు కలపకండ్రా!"

మర్నాడు సూరమ్మ ఆ కల్లు చప్పరించి, తృప్తిగా తలూపి దించుకుంది. దొర రెండు ముంతలు తాగాడు.

నెల తిరక్కుండానే ఆ కుండ రుచి కబురు పాకి, పదకొండు పాకల జనమూ ఒకటే మాట ఎత్తుకున్నారు: "సూరమ్మకు పంపే కల్లే మాకూ పొయ్యండి!"