నాలుగు ఖాళీ చేతులు

కోదండపాణి మాస్టారికి ఒక అలవాటు. శిష్యులు అడిగినదానికి నేలమీద జవాబు చెప్పరు. "బెల్టు పెట్టుకో" అంటారు, అంతే.

విమానం నడపడం నేర్పే ఆ చిన్న మైదానంలో ఆయన ముప్పై ఏళ్లుగా ఉన్నారు. మైత్రేయి ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు తానూ ఇంకొకరికి నేర్పాలని ఆమె ఆశ. అందుకు పరీక్షకు కూర్చోవాలంటే మాస్టారి సంతకం కావాలి. ఆయన రెండుసార్లు కాగితం తిప్పి పంపారు. మూడోసారీ పంపితే ఈ ఏడు దాటిపోయినట్టే.

"నాకేం తక్కువ మాస్టారూ? ఎదురుగాలిలో దించాను, అడ్డగాలిలో దించాను. ఒక్కనాడూ విమానం నేలకు తగిలి ఎగిరిపడలేదు. నేర్పడానికి ఇంకేం రావాలి?"

"బెల్టు పెట్టుకో" అన్నారాయన.

ఎడమ సీటులో నస్రీన్ అనే కొత్త విద్యార్థిని, కుడి సీటులో నేర్పడానికి మైత్రేయి, వెనక మాస్టారు. ముందున్న ఇద్దరికీ చెరో స్టీరింగు. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. అందుకే అక్కడొక కట్టుబాటు ఉంది. తీసుకునేవారు "నేను తీసుకున్నాను" అని పైకి చెప్పాలి. ఇచ్చేవారు "ఇచ్చాను" అనాలి.

దిగేటప్పుడు నస్రీన్ చేతిలో విమానం దారినుంచి కాస్త పక్కకు జరిగింది. చెబితే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని మైత్రేయి మాట్లాడకుండా తన స్టీరింగును రెండు వేళ్లతో కదిపి సరిచేసింది. చాటుగా చేసిన మేలు ఇంకా గొప్పదని ఆమె నమ్మకం. విమానం దారిలోకి వచ్చింది. వేళ్లు తీసేసింది.

నేల దగ్గరవుతోంది. విమానం ముక్కు మెల్లగా కుడికి తిరుగుతోంది. ఈ పిల్ల ఎందుకు సరిచెయ్యదని మైత్రేయి లోలోపల విసుక్కుంది.

"విమానం ఎవరి చేతుల్లో ఉంది?" అన్నారు వెనకనుంచి మాస్టారు.

"మేడంగారి చేతుల్లో సార్!" అంది నస్రీన్.

మైత్రేయి ఉలిక్కిపడి పక్కకు చూసింది. నస్రీన్ చేతులు ఒళ్లో ఉన్నాయి. తనవీ ఒళ్లోనే ఉన్నాయి.

"నేను తీసుకున్నాను!" అని అరిచి, ఇంజను జోరు పెంచి పైకి లేపింది. ఒక చుట్టు తిరిగి వచ్చి దించింది.

కిందికి దిగాక నస్రీన్ ఏడుపు గొంతుతో, "స్టీరింగు దానంతటదే కదిలింది మేడం. మీరు తీసుకున్నారేమోనని వదిలేశాను. మళ్లీ పట్టుకుందామంటే తిడతారేమోనని భయం వేసింది" అంది.

మైత్రేయికి బుర్ర పనిచెయ్యలేదు. ముట్టుకోకపోతే పిల్ల దారి తప్పుతుంది. ముట్టుకుంటే వదిలేస్తుంది. తాను చేసింది సాయమా, తప్పా? మాస్టారి వెనకే షెడ్డుదాకా నడిచింది.

"అంతా తికమకగా ఉంది మాస్టారూ. ఇంతకీ నేను పట్టుకోవాలా, వదలాలా? ఆ ఒక్క ముక్క చెప్పండి."

మాస్టారు జేబులోంచి కాగితం తీసి ఆమె చేతికిచ్చారు. సంతకం లేదు.

"ఇందాక పైన ఆ పిల్లకు వచ్చిన సందేహమూ అదే, అమ్మాయ్" అన్నారు.