గుట్ట మీది చేరెడు నీళ్లు

రాయదుర్గం దిక్కున బండల మధ్య మఠం కట్టుకున్న తిప్పయ్య తాతను ఏదైనా అడిగితే జవాబు చెప్పడు, నడిపిస్తాడు. అందుకే మోకాళ్ల నొప్పులున్న శిష్యులు తమ సందేహాలన్నీ తీరిపోయినట్టు నటిస్తారని మఠంలో వేళాకోళం.

ఈరన్నకు మాత్రం అడగక తప్పలేదు. ముప్పై ఏళ్లు సర్వేయరుగా గొలుసు పట్టి ఊళ్లు కొలిచి, మంత్రం తీసుకుందామని మఠంలో చేరినవాడు. భార్య సుంకమ్మ పోయి రెండేళ్లయినా అతని కంట చుక్క నీరు రాలేదు. ఈమధ్య ఆమె ముఖం కూడా మనసుకు రావడం మానేసింది. ఆ సంగతి అతన్ని లోలోపల తినేస్తోంది.

"ఎండిపోయినోడికి మంత్రమెందుకు తాతా? సెలవియ్యి, పోతా" అన్నాడు.

"పోదువులేప్పా. గుట్ట దాకా వచ్చి పో."

అది చెట్టూ చేమా లేని నల్లగుట్ట. తాత నడిమధ్యలో ఒక పగులు దగ్గర ఆగి బోర్లా పడుకున్నాడు. చేసేది లేక ఈరన్న కూడా పంచె ఎగగట్టి పక్కనే పడుకున్నాడు.

కాసేపటికి కళ్లు కుదురుకున్నాయి. బండ గుంటలో చేరెడు వాననీళ్లు. అందులో గోరంత రొయ్యలు వెల్లకిలా ఈదుతున్నాయి. అంచున పచ్చటి పాచి, ఆ పాచిలో ఆవగింజంత పూలు, వాటి మధ్య ఒక ఆరుద్ర పురుగు ఊరి పెద్దలా తీరిగ్గా తిరుగుతోంది. ఈరన్న ఎన్నో ఊళ్లు కొలిచాడు గాని ఇంత ముచ్చటైన ఊరు చూడలేదు. పగుల్లోంచి గంగవాయిలి కూర పాకింది. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు.

పులుపు నాలుకకు తగలగానే పెళ్లయిన కొత్తరోజులు గుర్తొచ్చాయి. అతను పొలం కొలుస్తుంటే సుంకమ్మ గట్ల వెంట ఈ ఆకే కోసి ఒడి నింపుకొనేది. "నువ్వు నేల కొలువు, నేను కూర కోస్తా. పొద్దుగూకేసరికి ఎవరి పని కడుపు నింపుతాదో చూస్తాం" అని నవ్వేది. ముందు ఆ నవ్వు వచ్చింది, తర్వాత పన్ను మీది పన్ను, తర్వాత ముఖమంతా వచ్చేసింది. ఈరన్న బండకు చెంప ఆనించి చాలాసేపు ఏడ్చాడు.

అతను తేరుకున్నాక తాత అడిగాడు. "ఈ గుట్టను కొలిచింది నువ్వే కదప్పా. దప్తరంలో ఏమని రాస్తివి?"

ఈరన్న కళ్లు తుడుచుకున్నాడు. "పోరంబోకని రాస్తి తాతా. ఎందుకూ పనికిరాని నేలని."

"నిలబడుకోని రాసింటావులే" అన్నాడు తాత.