తిరుపాలమ్మ తొక్కిన గుంత

ఎవరేం అడిగినా కాళహస్తాచారి గారు ముందు అడిగినవాడి కాళ్ళ వంక చూసేవారు. ముఖం చూసి మాట్లాడే లోకంలో ఇదేం అలవాటో ఆయన శిష్యులమైన మాకు అంతుబట్టేది కాదు. కడుక్కుని వచ్చామో లేదో చూస్తున్నారనుకుని, కొత్తగా చేరినవాళ్ళు గుమ్మం దగ్గర రెండు చెంబులు ఎక్కువే పోసుకునేవాళ్ళు. ఇళ్ళకూ సత్రాలకూ బడులకూ స్థలం చూసి చెప్పడంలో చుట్టుపక్కల ఆయన మాటకు తిరుగులేదు.

ఒకనాటి మధ్యాహ్నం మాలో పెద్దవాడైన భీమలింగం వచ్చి కూర్చున్నాడు. మర్నాడు ఆడపిల్లల హాస్టలుకు స్థలం చూసి అతను మాట చెప్పాలి. స్థలం ఇస్తున్నవాడు పలుకుబడి ఉన్న పెద్దమనిషి. ఏ మాట చెప్పాలో ముందే కబురు చేశాడు, కబురుతోపాటు పట్టుపంచె కూడా పంపాడు. పంచె సంచిలో ఉంది. భీమలింగం దాని ఊసెత్తకుండా శాస్త్రం ఊసెత్తాడు. ఇలాంటి ఇరకాటంలో చదువుకున్నవాళ్ళం చేసేది అదే కదా!

“గురువుగారూ, నేల రంగు చూడమన్నారు, వాసన చూడమన్నారు, రుచి చూడమన్నారు, గుంత తీసి చూడమన్నారు. నాలుగూ నాలుగు రకాలుగా చెబితే దేన్ని నమ్మాలి?”

గురువుగారు అతని పాదాల వంక చూశారు. చెప్పుల పట్టీల అచ్చు తప్ప వాటి మీద మట్టి మరక లేదు.

“నాకు నీ వయసున్నప్పుడు జరిగింది చెబుతాను, విను” అన్నారు.

ఊరి పేరు ఆయన చెప్పలేదు. చెబితే ఆ ఊరివాళ్ళు మాది కాదంటారు, పక్క ఊరివాళ్ళు మాదేనంటారు. పొగాకు పండే మెట్ట ఊరు అనుకోండి, చాలు. దానికి బడి మంజూరైంది. ఊరుమ్మడి మిట్ట ఒకటి ఉంటే, దాని మీద కట్టుకుందామనుకున్నారు జనం. మునసబు కన్ను ఆ మిట్ట మీదే ఉంది. పొగాకును వేడికి ఆరబెట్టే బ్యారను అక్కడ లేపాలని అతని ఆలోచన. అందుకని బడికి తన సొంత స్థలం దానమిస్తాననీ, తన తండ్రి పేరు పెడితే చాలుననీ అన్నాడు. దానం అనేసరికి ఊరు చేతులు జోడించింది. ఆ స్థలం పదేళ్ళ కిందటి దాకా కుంట. చెత్తా చెదారం పోసి పూడ్చి, పైన నాలుగు బండ్ల ఎర్రమట్టి పరిచారు. ఈ సంగతి ముసలీ ముతకా అందరికీ తెలుసు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు?

స్థలం చూడడానికి కాళహస్తాచారి గారిని పిలిపించారు. అప్పటికి ఆయనకు పేరు వస్తోంది, భుజం మీద మునసబు కప్పిన శాలువా కూడా ఉంది. అది పూడ్చిన నేలని అడుగు పెట్టగానే తెలిసిందట. అయినా ఊరి ముందు గుంత పరీక్ష జరగాలి. మూరెడు లోతు గుంత తీసి, తీసిన మట్టితోనే దాన్ని పూడ్చాలి. మట్టి మిగిలితే గట్టి నేల, చాలకపోతే కట్టడానికి పనికిరాని నేల. అయితే మట్టిని అణచకుండా పొడిపొడిగా పోస్తే ఎంత చచ్చు నేలైనా మిగిలినట్టే కనిపిస్తుంది. ఆ కిటుకు మునసబుకు తెలుసు. ఆచారిగారికీ తెలుసు.

గుంత తియ్యడానికి మట్టిపని చేసే తిరుపాలమ్మ వచ్చింది. మునసబు ఆమెను పక్కకు పిలిచి, “అణచబాక. మట్టి అట్టా పోసేసి ఇవతలికి రా” అన్నాడు. ఆమె గుడిసె అతని పొలం గట్టు మీదే ఉంది. ఆమె మనవరాలు ఈ బడిలోనే చేరబోతోంది. ఆ ఇంట్లో పలక పట్టబోయే మొదటి మనిషి ఆ పిల్లే.

తిరుపాలమ్మ గుంత తీసింది, చెప్పినట్టే పూడ్చింది. గుంత నిండి మట్టి పైకి కుప్పగా లేచింది. గట్టు మీద ఇంకో అరతట్ట మిగిలింది. మునసబు మీసం దువ్వుకుని ఆచారిగారి వంక చూశాడు. “ఉత్తమమైన భూమి” అనడానికి ఆయన నోరు తెరిచారు. ఆ మాట చెబుతున్నప్పుడు, ఇన్నేళ్ళ తర్వాత కూడా, గురువుగారి గొంతులో సిగ్గు వినబడింది.

అప్పుడు తిరుపాలమ్మ పార అవతల పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, ఆ కుప్ప మీదికి ఎక్కింది. రెండు కాళ్ళతో తొక్కడం మొదలుపెట్టింది. మట్టి దిగింది. మిగిలిన అరతట్టా పోసి మళ్ళీ తొక్కింది. ఇంకా దిగింది. గట్టు మీద పిడికెడు మట్టి లేకుండా అయిపోయాక కూడా గుంత జానెడు వెలితిగానే ఉంది, ఆమె అందులోనే నిలబడి ఉంది.

“ఏందే ఆ తొక్కుడు? నిన్ను తొక్కమన్నదెవురు?” అని మునసబు అరిచాడు.

“ఎవురూ చెప్పలేదయ్యా. రేపు బడి గోడలు దీన్ని తొక్కవా? అయ్యి తొక్కేటప్పుడు లోపల మా పిల్లకాయలుంటారు.”

“పొద్దుగూకేలోపు నీ గుడిసె నా గట్టు మీద ఉండేదానికి లేదు!”

“పీకిచ్చుకోండి. గుడిసె పోతే ఇంకోటి ఏసుకుంటా. పిల్ల పోతే యాణ్నించి తెచ్చుకునేది?” అని, ఆమె ఆచారిగారి వైపు తిరిగింది. “సామీ, నువ్వు సదువుకున్నోడివి. ఆ చెప్పులిప్పి ఒక్క తూరి ఇందులో దిగు. నేను అబద్దమాడతన్నానో లేదో నీ కాళ్ళే చెప్తాయి.”

ఊరంతా ఒక్కసారిగా ఆచారిగారి కిర్రుచెప్పుల వంక చూసింది.

గురువుగారు అక్కడ ఆగిపోయారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. అంతమంది పెద్దలూ, అన్ని శాలువాలూ ఉండి, నిజం చెప్పే పని కూలికొచ్చిన మనిషి నెత్తిన పడిందే!

“దిగారా?” అని భీమలింగం మెల్లిగా అడిగాడు.

“దిగాను. శాలువా మునసబు చేతిలో పెట్టి దిగాను. పనికిరాని నేలని ఊరి ముందు చెప్పాను. బడి మిట్ట మీదే లేచింది. అయితే భీమలింగం, నేను దిగింది ఆమె పిలిచాక. నేనే ముందు దిగి ఉంటే ఆమె గుడిసె నిలిచేది. ఆ సాయంత్రమే పీకించారు. మర్నాడు ఆమె వెళ్ళి మిట్ట మీదే గుడిసె వేసుకుంది. ఎవరొచ్చి లెమ్మన్నా లేవలేదు. ఆ బడి పునాది తవ్వింది ఆమే.”

భీమలింగం ఒడిలో ఉన్న సంచిని పక్కకు జరిపాడు. “అయితే నాలుగింటిలోనూ గుంత పరీక్షే నమ్మమంటారా?” అన్నాడు.

“గుంతదేముందిరా, ఎవరు పూడిస్తే వాళ్ళ మాట చెబుతుంది” అన్నారు గురువుగారు. గుమ్మం వైపు చూసి, “రేపు వెళ్ళేటప్పుడు నీ చెప్పులు ఇంటి దగ్గరే వదిలెయ్” అన్నారు.